ఐ7 అమ్మి ఐ3 కొంటే నవ్వుతారా?

కంప్యూటర్ శీర్షిక: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే ఎక్కువ భాగం ఒకటే గొడవ: ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంది, దాని మీద అతికించిన స్టిక్కర్ మాత్రం ఘనంగా ఉంది, కొత్త డెస్క్‌టాప్ కొనాలా వద్దా అని. అందుకని ప్రింటర్ల ప్రశ్నలు, వైఫై ప్రశ్నలు పక్కన పెట్టేశాను. పంపినవాళ్లు ఏమీ అనుకోవద్దు, వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: అయ్యా, మాది కావలి. పెళ్లిళ్ల వీడియోలు, ఆల్బమ్‌లు చేసే చిన్న స్టూడియో నాది. 2012 చివర్లో ముచ్చటపడి కొన్న ల్యాప్‌టాప్ ఉంది, ప్రాసెసర్ ఐ7-3630క్యూఎం. అప్పట్లో మా బజారులో ఐ7 ఉన్నది నా ఒక్కడి దగ్గరే. ఇప్పుడు 4కే వీడియో వేస్తే ఆగి ఆగి కదులుతోంది. నెల్లూరులో షాపాయన ఐ3-12100 పెట్టి డెస్క్‌టాప్ కట్టిస్తానంటున్నాడు, దీనికంటే ఎంతో నయం అంటున్నాడు. మా బామ్మర్దేమో "ఏంది బావా, ఐ7 అమ్మి ఐ3 కొంటావా, బుల్లెట్టు అమ్మి మోపెడ్డు కొన్నట్టు" అని అందరి ముందూ నవ్వుతున్నాడు. రెండింటికీ నాలుగే కోర్లు, ఎనిమిదే థ్రెడ్లు అని రాసుంది. ఎవరి మాట నమ్మేది?

జవాబు: షాపాయన మాటే నమ్మండి. అలాగని ఆయన చెప్పిందల్లా కొనేయమని కాదు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు మీ బామ్మర్ది గారి దగ్గర మొదలుపెడదాం. ఆయన్ని తప్పుపట్టలేను, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నవాణ్ణే. ఇంటెల్ కంపెనీ తన ప్రాసెసర్లకి పెట్టే ఐ3, ఐ5, ఐ7 అనేవి బలానికి కొలతలు కావు, ర్యాంకులు. ర్యాంకు ఆ బ్యాచ్ వరకే చెల్లుతుంది. మీ 3630లో మొదటి అంకె 3, అంటే మూడో తరం, 2012 బ్యాచ్. 12100లో మొదటి రెండంకెలు 12, అంటే పన్నెండో తరం, 2022 జనవరిలో వచ్చిన బ్యాచ్. ఆ బ్యాచ్‌లో ఐ3 వెనక బెంచీలో కూర్చున్నమాట నిజమే గానీ, పదేళ్ల కిందటి బ్యాచ్‌లో మొదటి బెంచీ వాడికంటే వెనకబడి ఉందని ఎవరన్నారు? మనం పదో తరగతిలో కుస్తీ పట్టిన లెక్కలు ఇప్పుడు పిల్లలు ఎనిమిదిలోనే చేసేస్తున్నారు, చూడ్డంలా?

నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు రెండింటికీ సమానం అన్నారు. కోర్ అంటే ప్రాసెసర్ లోపల పనిచేసే ఒక్కో మెదడు, థ్రెడ్ అంటే దానికి ఒకేసారి అప్పగించగల ఒక్కో పని వరస. అందుకే మీ జత నాకు భలే నచ్చింది. మామూలుగా పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెడితే కోర్ల సంఖ్య కూడా మారిపోయి, తేడా దేనివల్ల వచ్చిందో తేలదు. ఇక్కడ ఆ తంటా లేదు. మీది మామూలుగా 2.4 గిగాహెర్ట్జ్, అవసరం పడితే 3.4 దాకా ఎగబాకుతుంది. ఐ3-12100 మామూలుగా 3.3, ఎగబాకితే 4.3. పైవేగాలు చూస్తే తేడా పావువంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. కానీ ఒకే ఒక్క కోర్ మీద నడిచే పని రెండింటికీ ఇచ్చి చూడండి, కొత్తది దాదాపు రెండింతలు లాగిస్తుంది. పావువంతు అంటే గిగాహెర్ట్జ్ లెక్క సరిపోయింది, మరి మిగతాది ఎక్కణ్ణుంచి వచ్చింది?

పొద్దున్నే నెల్లూరులో నెయ్యి కారం దోశలు వేసేచోట నిలబడి చూడండి. మాస్టర్ చెయ్యి ఎంత చురుగ్గా తిరుగుతుందో అది గిగాహెర్ట్జ్. ఒక్కసారికి పెనం మీద ఎన్ని దోశలు పడతాయి, ఎన్ని ఆర్డర్లు తలలో పెట్టుకుని ఏది ముందు తెమిలితే అది ముందు వేయగలడు, కారం గిన్నె చేతికందే చోట ఉందా లేక ప్రతిసారీ లోపలికెళ్లి తెచ్చుకోవాలా, ఇవేవీ చెయ్యి వేగంలో కనపడవు. మీ మూడో తరం కోర్ ఒక్కో టిక్కుకు (గిగాహెర్ట్జ్ లెక్కపెట్టేది ఈ టిక్కుల్నే) నాలుగు ఆదేశాలు విప్పి చూసుకోగలదు, పన్నెండో తరం కోర్ ఆరు చూస్తుంది. వరస తప్పించి ముందూ వెనకా చేసుకోవడానికి ఒకేసారి చేతిలో పట్టుకోగలిగిన పనులు మీదానికి 168, కొత్తదానికి 512. ఇక కారం గిన్నె సంగతి: కోర్ పక్కనే ఉండి కావలసినవి చేతికందించే చిన్న మెమరీ, అంటే ఎల్2 క్యాష్, మీదానిలో కోరుకు 256 కేబీ, కొత్తదానిలో 1.25 ఎంబీ, అంటే ఐదింతలు. నాలుగు కోర్లూ పంచుకునే ఎల్3 క్యాష్ 6 ఎంబీ నుంచి 12 ఎంబీ అయింది. ర్యామ్ కూడా డీడీఆర్3-1600 నుంచి డీడీఆర్4-3200కి మారింది, సరిగ్గా రెండింతల వేగం. చెయ్యి కొంచెమే చురుకైంది గానీ వంటగది మొత్తం మారిపోయింది.

మీదానిలో ఇంకో ఇబ్బంది, అది ల్యాప్‌టాప్‌లో ఉండటమే. 45 వాట్ల ప్రాసెసర్‌ని అంగుళంన్నర మందం డబ్బాలో పెట్టి, సన్న రాగి గొట్టం, ఒక చిన్న ఫ్యాను ఇచ్చి చల్లబరచమంటే అదేం చేస్తుంది పాపం. 3.4 అనేది ఒక్క కోర్ పని చేసేటప్పుడు, కాసేపటికి. గంటన్నర పెళ్లి వీడియో రెండర్‌కి, అంటే ఎడిటింగ్ అయ్యాక చివరి ఫైలు తయారీకి, పెడితే వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఐ3-12100కి మామూలు లెక్క 60 వాట్లు, గట్టిగా నడిచేటప్పుడు 89 దాకా తీసుకోవచ్చు, డెస్క్‌టాప్ క్యాబినెట్‌లో గాలి ఆడుతుంది కాబట్టి ఆ వేగం గంటల తరబడి నిలుస్తుంది.

ఇప్పటిదాకా చెప్పింది ఒక ఎత్తు, మీ వృత్తికి సంబంధించిన అసలు విషయం ఒక ఎత్తు. ఇప్పుడు 4కే వీడియో చాలావరకు హెచ్.265లో వస్తుంది, అంటే వీడియోని కుదించి దాచే ఒక పద్ధతి, ఫోన్లలో తీసినవీ చాలాసార్లు అదే. చూడాలంటే దాన్ని మళ్లీ విప్పాలి. మీ ప్రాసెసర్ బజారుకు వచ్చింది 2012లో. హెచ్.265 ప్రమాణం ఖరారైంది 2013లో. పుట్టని బిడ్డకి చొక్కా ఎవరు కుడతారు? పాత హెచ్.264ని విప్పడానికి మీ చిప్‌లో విడిగా సర్క్యూట్ ఉంది, హెచ్.265కి లేదు, కాబట్టి ఆ భారమంతా నాలుగు కోర్ల నెత్తినే పడుతోంది. పైగా ఇలాంటి లెక్కల్ని గుత్తగా చేసే ఏవీఎక్స్2 ఆదేశాలు నాలుగో తరంలో, 2013లో వచ్చాయి, ఒక్క ఏడాదిలో మీకు తప్పిపోయాయి. ఇప్పుడు కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఏవీఎక్స్2 లేకపోతే ఇన్‌స్టాల్ కూడా కావు. మీది ఆగి ఆగి కదలడానికి ఇదీ కారణం. దానికి మరో 8 జీబీ ర్యామ్ వేసినా ఈ జబ్బు తగ్గదు.

షాపాయనతో జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. బిల్లు తగ్గించడానికి ఐ3-12100ఎఫ్ అని చూపిస్తారు, చివర ఆ ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టు. ఆటలు ఆడే పిల్లోడికైతే ఫర్వాలేదు, విడిగా కార్డు వేసుకుంటాడు. మీకు మాత్రం వద్దు. పెళ్లి కెమెరాల్లో 10 బిట్ 4:2:2 హెచ్.265 అనే, రంగుల వివరం ఎక్కువ దాచే సెట్టింగులో తీస్తుంటారు కదా, దాన్ని విప్పే సర్క్యూట్ ఇంటెల్ సొంత గ్రాఫిక్స్‌లో పదకొండో తరం నుంచి ఉంది. ఖరీదైన ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుల్లోనేమో 50 సిరీస్ వచ్చేదాకా లేదు. వేలు పోసి కార్డు కొని, టైమ్‌లైన్ అప్పటికీ నత్తలా ఉందని తలపట్టుకున్న స్టూడియో వాళ్లని నేను ఒంగోలులోనే ఇద్దర్ని చూశాను.

నన్నడిగితే ఐ3 దగ్గర ఆగకుండా ఇంకొంచెం పెట్టి ఐ5-12400కి వెళ్లండి, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. రెండర్ పని అన్ని కోర్లకూ పంచుకునే పని కాబట్టి ఆ తేడా మీకు రోజూ కనపడుతుంది. అదే 12500 అయితే వీడియో విప్పే ఇంజిన్లు రెండు ఉంటాయి, 12100, 12400ల్లో ఒకటే. సీజన్‌లో ముగ్గురు కెమెరామెన్ తెచ్చిన ఫుటేజి పక్కపక్కన పెట్టి కోసేవాళ్లకి ఇది పనికొస్తుంది. బామ్మర్ది గారి నోరు మూయించడానికి ఐ5 అన్న మాట కూడా కలిసొస్తుంది, అది వేరే సంగతి.

కరెంటు లెక్క కూడా చూసుకోండి. ఎడిటింగ్‌లో మానిటర్‌తో కలిపి 100 వాట్లు లాగుతుందనుకుంటే పది గంటలకు ఒక యూనిట్. ల్యాప్‌టాప్ ఇంతకంటే తక్కువే తింటుంది గానీ, ఒకే పనికి రెండు మూడు రెట్ల సేపు నడవాలి కాబట్టి మిగులు పెద్దగా ఉండదు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, ల్యాప్‌టాప్‌కి బ్యాటరీయే యూపీఎస్. డెస్క్‌టాప్ కొంటే యూపీఎస్ ఖర్చు మొదటిరోజే కలుపుకోండి, తుఫాను రోజుల్లో మన వైపు కరెంటు సంగతి మీకు నేను చెప్పేదేముంది. పదమూడేళ్ల మీ బ్యాటరీ ఇప్పటికే చచ్చిపోయి ఉంటుందని, ప్లగ్గు ఊడితే టప్పున ఆరిపోతుందని ఊహిస్తున్నాను.

పాతదాన్ని అమ్మకండి, వచ్చే డబ్బు బస్సు ఛార్జీలకు కూడా చాలదు. అందులో పాత హార్డ్‌డిస్కే ఉంటే తీసి సాటా ఎస్ఎస్‌డీ వేయించండి. హార్డ్‌డిస్క్ సెకనుకు 100 ఎంబీ లాగడానికే ఆయాసపడుతుంది, సాటా ఎస్ఎస్‌డీ 500 దాటుతుంది. బిల్లులు, ఆల్బమ్ ఆర్డర్లు రాసుకోవడానికి ఆ ఐ7 ఇంకా దర్జాగా పనికొస్తుంది.

ప్రశ్న: కనిగిరి నుంచి రాస్తున్నాను, రిటైరైన లెక్కల మాస్టారిని. 2004లో మా అబ్బాయి కోసం కొన్న కంప్యూటర్‌లో పెంటియం 4, 3 గిగాహెర్ట్జ్. మొన్న మనవరాలికి కొన్నదాని పెట్టె మీద 3.3 గిగాహెర్ట్జ్ అనే ఉంది. ఇరవై ఏళ్లలో మీవాళ్లు సాధించింది 0.3 మాత్రమేనా?

జవాబు: మాస్టారూ, లెక్కల వాళ్లు అడిగితే ఇలాగే అడుగుతారు. పై జవాబులో సగం మీకూ వర్తిస్తుంది గానీ, మీ ప్రశ్న వెనక ఒక మంచి కథ ఉంది, అది చెప్పకుండా ఉండలేను.

మీరు కొన్న రోజుల్లో పరుగంతా గిగాహెర్ట్జ్ కోసమే. పెంటియం 4ని పట్టుబట్టి పెద్ద అంకె చూపించడానికే గీశారు. ఒక పనిని చిన్న చిన్న ముక్కలుగా, చివరి నమూనాల్లో అయితే 31 అంచెలుగా కోసేశారు. అంచె చిన్నదైతే టిక్కు వేగంగా కొట్టొచ్చు, అంకె పెరుగుతుంది. కానీ తర్వాత ఏ పని వస్తుందో ముందుగా వేసుకున్న అంచనా మధ్యలో తప్పితే అన్ని అంచెలూ ఖాళీ చేసి మళ్లీ మొదటికి రావాలి, బోర్డు మీద పొడుగాటి లెక్క చేస్తూ మూడో లైనులో తప్పు దొరికితే మొత్తం తుడిచేసినట్టు. పైగా వేడి. 2004 నవంబరు నాటికి 3.8 గిగాహెర్ట్జ్ దాకా లాక్కొచ్చారు, అక్కడ ఆగిపోయింది. 4 గిగాహెర్ట్జ్ తెస్తామని ప్రకటించి అదే ఏడాది అక్టోబరులో రద్దు చేసుకున్నారు, అప్పటి ఇంటెల్ అధిపతి క్రెయిగ్ బారెట్ ఒక సభలో సరదాకే అయినా మోకాళ్ల మీద కూర్చుని మరీ మన్నించమన్నాడు.

మరి దారి ఎవరు చూపించారనుకున్నారు? ల్యాప్‌టాప్ ప్రాసెసరే. ఇజ్రాయెల్‌లో హైఫా నగరంలో ఉన్న ఇంటెల్ బృందం బ్యాటరీ మిగిలేలా, వేడి పుట్టకుండా ఒక చిప్ గీసింది, 2003 మార్చిలో పెంటియం ఎం పేరుతో వచ్చింది. తక్కువ గిగాహెర్ట్జ్‌తోనే తనకంటే పెద్ద అంకె ఉన్న పెంటియం 4లని చాలా పనుల్లో ఓడించేది. ఆ వంశంలోనే 2006లో కోర్ 2 డ్యువో పుట్టి డెస్క్‌టాప్‌లోకి వచ్చింది, 2.4 గిగాహెర్ట్జ్ కోర్ 2 ముందు మీ 3 గిగాహెర్ట్జ్ ఏ మూలకూ ఆనదు. ఇప్పటి డెస్క్‌టాప్ ప్రాసెసర్లని తలదన్నేవి ల్యాప్‌టాప్‌లో ఉండవని అందరూ అంటారు గానీ, వాటి అమ్మమ్మ మాత్రం ల్యాప్‌టాప్‌దే.

కాబట్టి మీ మనవరాలి 3.3ని మీ 3తో తీసివేత చేయకండి. గుణకారం చేయాలి: టిక్కుల సంఖ్య, ఒక్కో టిక్కుకు జరిగే పని, కోర్ల సంఖ్య. అది కూడా పని పంచుకోవడానికి వీలైనదైతేనే మూడోది గుణించండి. పది మంది కలిసి పది మడులు ఒకేసారి నాటొచ్చు, పది మంది కలిసి ఒకే ముంత నీళ్లు పదింతల వేగంగా తాగలేరు.

ప్రశ్న: బుచ్చిరెడ్డిపాలెం. మా వాడు బీటెక్‌లో చేరాడు, కంప్యూటర్ సైన్స్. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఐ7-7500యూ దొరికింది, కంపెనీ వాడి వదిలేసినదట, స్టిక్కర్ కూడా చెక్కుచెదరలేదు. అదే డబ్బుకు ఇంకొకాయన ఐ5-8250యూ ఇస్తానంటున్నాడు, గీతలు పడి ఉంది. డెస్క్‌టాప్ అయితే ఇంకా మంచిదని మా తమ్ముడు. ఏది తీసుకోవాలి?

జవాబు: గీతలు పడ్డదే.

ల్యాప్‌టాప్ ప్రాసెసర్ పేరులో అందరూ ముందు చూసే ఐ7 కంటే ఎవరూ చూడని చివరి అక్షరం ముఖ్యం. యూ అంటే 15 వాట్ల పొదుపు చిప్. 7500యూ పేరుకు ఐ7 గానీ లోపల ఉన్నవి రెండే కోర్లు, నాలుగు థ్రెడ్లు. దీన్నే పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు. 2017లో ఎనిమిదో తరం వచ్చినప్పుడు అదే 15 వాట్లలో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు ఇరికించారు, 8250యూ ఆ బాపతే. దాని మామూలు వేగం 1.6 అని, 7500యూది 2.7 అని చూసి భయపడకండి, అవసరమైనప్పుడు 3.4కి వెళ్తుంది, 7500యూ 3.5కి వెళ్తుంది, ఆ కాస్తకి రెండు కోర్లు వదులుకుంటారా? ఇంకో బలమైన కారణం, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఒప్పుకునే ఇంటెల్ చిప్‌లు దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మొదలు. అంటే ఆ చెక్కుచెదరని ఐ7 గడప అవతలే ఆగిపోయింది, గీతల ఐ5 లోపలికి వచ్చింది.

మీ తమ్ముడి మాట పనితనం వరకు నిజం. 15 వాట్ల పాత చిప్‌ని 65 వాట్ల కొత్త డెస్క్‌టాప్ చిప్‌తో పోల్చడమంటే సైకిల్‌నీ ట్రాక్టర్‌నీ పోల్చడం. కానీ హాస్టల్ గదిలో బల్ల ఎక్కడుంటుంది, ల్యాబ్‌కి ఎవరు మోసుకెళ్తారు? పిల్లోడు ఇంట్లోనే ఉండి రోజూ కాలేజీకి వెళ్లొచ్చేటట్టయితే డెస్క్‌టాప్ గురించి ఆలోచించండి, అప్పుడు ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎమ్‌డీ చేసే, విడి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేని రైజెన్ 5 5600జీ కూడా చూడండి, ఆరు కోర్లు. ఏఎమ్‌డీ వేడెక్కుతుందని ఎవరన్నా అంటే అది పాతకాలం నాటి మాట, పట్టించుకోవద్దు. ల్యాప్‌టాప్ కొనేముందు మాత్రం పదిహేను నిమిషాలు వీడియో ఆడించి, అడుగున చెయ్యి పెట్టి చూసి, బ్యాటరీ మీద ఎంతసేపు నిలుస్తుందో చూసి డబ్బులివ్వండి. మొహమాటపడితే మోసపోతారు.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్‌లో అకౌంట్స్ చూస్తాను. నా పాత ల్యాప్‌టాప్ స్క్రీను పోయింది, ప్రాసెసర్ మంచిదే. దాన్ని ఊడదీసి డెస్క్‌టాప్ బోర్డులో బిగించుకోవచ్చా? ఇక్కడ ఒక రిపేరు కుర్రాడు అవుతుందన్నాడు.

జవాబు: కాదు. ఆ కుర్రాడు మంచి ధైర్యవంతుడు. 2012 ప్రాంతంలో ల్యాప్‌టాప్ చిప్‌కే సూదులుండేవి, ఊడదీయడం వరకు కొన్నిట్లో వీలయ్యేది. ఇంటెల్ డెస్క్‌టాప్ బోర్డులో సూదులు సాకెట్‌లో ఉంటాయి, చిప్ అడుగు నున్నగా ఉంటుంది. ఒకదాని బూటులో ఇంకొకదాని కాలు పట్టదు. యూ రకాలైతే బోర్డుకే టంకం పెట్టి అతికించేస్తారు, కదిలించలేరు. మీకు పోయింది స్క్రీనే కదా, హెచ్‌డీఎంఐ తీగతో ఒక మానిటర్ తగిలించండి, కీబోర్డు పెట్టండి, అదే మీ డెస్క్‌టాప్. ట్యాలీకి అంతకు మించి అక్కర్లేదు.

ప్రశ్న: ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలు సాగుచేస్తున్నాం. షెడ్డులో పాత ల్యాప్‌టాప్ పెట్టి ఎనిమిది సీసీ కెమెరాలు చూసుకుంటున్నాను, ఐ5-3210ఎం. రాత్రిళ్లు బాగానే ఉంటుంది, మధ్యాహ్నం అయ్యేసరికి బొమ్మ నిలిచిపోతుంది, ఫ్యాను హోరు. ఏరియేటర్ల వల్ల కరెంటు తగ్గుతుందేమోనని మావాళ్లు అంటున్నారు. కొత్త డెస్క్‌టాప్ కొంటే పోతుందా?

జవాబు: ఏరియేటర్ల మీద నింద వేయకండి అన్నా, పాపం అవి రొయ్యలకి ఊపిరి పోస్తున్నాయి. ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ మధ్యలో ఉంది, ఓల్టేజి కాస్త అటూ ఇటూ అయినా అది సర్దుకుంటుంది. మీ రోగం వేడి.

ఆ చిప్ 105 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, దాని దరిదాపులకి వస్తే కాలిపోకుండా వేగం తగ్గించుకుంటుంది. దాని మామూలు వేగం 2.5 గిగాహెర్ట్జ్, ఎగబాకితే 3.1, కానీ మీ షెడ్డులో మధ్యాహ్నం అది ఎంతమీద కుంటుతూ ఉంటుందో. వేడి బయటికి పోవడం చిప్‌కీ గాలికీ మధ్య ఉన్న ఎడాన్ని బట్టి ఉంటుంది. రాత్రి గాలి 25 డిగ్రీలుంటే ఎడం 80. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద 45 అయితే ఎడం 60. అంటే అదే ఫ్యాను, అదే తిరుగుడు, కానీ బయటికి తోసే వేడి పావువంతు తగ్గిపోయింది. దానికి తోడు సముద్రపు ఉప్పుగాలి, మేత దుమ్ము. నేను అల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక ల్యాప్‌టాప్ విప్పితే ఫ్యాను ముందున్న సన్న జాలీ కంబళి పరిచినట్టు మూసుకుపోయి ఉంది, రాగి గొట్టం ఆకుపచ్చగా మారింది. రిపేరు షాపులో మూడుసార్లు విండోస్ మార్చి మూడుసార్లూ డబ్బులు తీసుకున్నారట, ఒక్కసారి కూడా జాలీ ఊడ్చలేదు.

ముందు జాలీ శుభ్రం చేయించి, చిప్‌కీ రాగికీ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తీసి కొత్తది రాయించండి. అడుగున రెండు ఇటుక ముక్కలు పెట్టి గాలి ఆడేలా ఎత్తు చేయండి, మేత బస్తా మీద మాత్రం పెట్టకండి.

తర్వాత, ఇది మీకు ఎవరూ చెప్పి ఉండరు. పైన కావలి స్టూడియో ఆయనకి చెప్పిన హెచ్.265 గొడవే మీకూ ఉంది. ఈమధ్య సీసీ కెమెరాలు చాలావరకు హెచ్.265లో పంపిస్తాయి, మీ చిప్ కూడా 2012దే, ఆ ఎనిమిది బొమ్మల్నీ రెండు కోర్లతో చేత్తో విప్పుకుంటోంది. మధ్యాహ్నం వేడికి చెయ్యి నెమ్మదించేసరికి బొమ్మ నిలిచిపోతోంది. కెమెరా పెట్టె సెట్టింగుల్లో మెయిన్ స్ట్రీమ్, సబ్ స్ట్రీమ్ అని రెండుంటాయి. మెయిన్‌ని రికార్డింగ్ కోసం అలాగే వదిలేసి, సబ్ స్ట్రీమ్‌ని హెచ్.264కి మార్చి ల్యాప్‌టాప్‌లో దాన్నే చూడండి. దాన్ని విప్పే సర్క్యూట్ మీ చిప్‌లో ఉంది, కోర్లకి ఊపిరాడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్ అనే గడి ఉంటే దానికి టిక్కు పెట్టండి.

డెస్క్‌టాప్ అయితే వేడి బాగానే తట్టుకుంటుంది, కానీ షెడ్డులో క్యాబినెట్ పెద్ద ఫ్యాన్లు ఉప్పుగాలిని ఇంకా ఎక్కువ లోపలికి లాగుతాయి, జనరేటర్‌కి మారే ఆ నాలుగు సెకన్లకీ యూపీఎస్ కావాలి. ఇదంతా చేశాక కూడా మధ్యాహ్నం బొమ్మ నిలిచిపోతే అప్పుడు రాయండి. రాసేటప్పుడు కెమెరాల మోడల్ నంబరు, షెడ్డు రేకులదో పాకదో కూడా రాయండి.